పొడపత్రి: నాలుగేళ్లు వాడాక నా అనుభవం

పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక పలుకుల్లా ఉంటుంది, తీపి తెలియదు. నాకు షుగరు వ్యాధి ఉంది, ఈ తీగను నాలుగేళ్లుగా పెరట్లో దడికి పాకించి వాడుతున్నాను. ఈ గుణం మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అడ్డం పడతాయి. నాకైతే అరగంటకు పైగా అలాగే ఉంటుంది. సంస్కృతంలో మధునాశిని అనీ, హిందీలో గుడ్‌మార్ అనీ అన్నది అందుకే.

నన్ను ముంచేది సాయంత్రం తీపి మీదికి పోయే మనసు. నాలుగు గంటలకు నూగు తగిలే లేత ఆకులు రెండు తుంచి నమిలితే మైసూరుపాకు కూడా సున్నిపిండి ముద్దలా ఉంటుంది. రెండో ముక్క అడగబుద్ధి కాదు. నాకు జరిగిన అసలు మేలు ఇదే.

మొదటి ఏడాదిలో, రక్తంలో రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే నా హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 7.1కి దిగింది. ఆ ఏడాదే రాత్రి అన్నం మానాను, రోజూ నడక మొదలుపెట్టాను. కాబట్టి ఘనతంతా ఆకుకే ఇవ్వలేను. 1990లో మద్రాసు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 22 మంది టైప్ 2 షుగరు రోగులు తమ షుగరు మాత్రలతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారం 18 నుంచి 20 నెలలు తీసుకున్నారు. వారిలో అయిదుగురు మాత్రలు మానగలిగారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ చాలా చిన్న పరీక్ష.

రెండో ఏడాది ఆకు దొరకని రోజుల్లో పొడి కొన్నాను. ఒక ఉదయం రక్తంలో చక్కెర తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రతో పాటు రెండు చెంచాలు వేసుకున్నాను, టిఫిను ఆలస్యమైంది. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. గ్లూకోమీటరు 58 చూపింది, అంటే చక్కెర బాగా పడిపోయింది. మా ఆవిడ గ్లూకోజు నీళ్లు పట్టిస్తే ఉత్త నీళ్లలాగే ఉన్నాయి, నాలుకకు తీపే అందలేదు. అందులో గ్లూకోజు కలపలేదేమోనని భయపడ్డాను. పావుగంటకు తేరుకున్నాను. ఆ వారమే డాక్టరుగారికి ఆకు సంగతి చెప్పాను, ఆయన మాత్ర మోతాదు తగ్గించారు. మొదటి రోజే చెప్పవలసింది.

పొడి కొనేవారు చిటికెడు నాలుక మీద రెండు నిమిషాలు ఉంచి, తరువాత పంచదార వేసుకుని చూడండి. తీపి తెలిస్తే ఆ పొడిలో సారం లేనట్టే. ఈ మొక్క వాడిన వారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది కనుక ఏడాదికోసారి ఆ పరీక్షా చేయించుకుంటున్నాను.

ఈ వానాకాలం ఇరుగుపొరుగులో ఇద్దరికి కొమ్మలు కత్తిరించి ఇచ్చాను. ఇంట్లో గ్లూకోమీటరు ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే ఇచ్చాను.