మంచం పట్టిన పెద్దలకు ఏది మేలు: 24 గంటల మనిషా, షిఫ్టుకొకరా, కేర్ హోమా?

పక్షవాతం వచ్చో, తుంటి విరిగో పెద్దవాళ్లు మంచం పడితే, చూసుకునే మనిషి (అటెండెంట్) కోసం ఫోన్ చేయగానే ఏజెన్సీ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "24 గంటలా, 12 గంటలా?" అని. ఇంట్లోవాళ్లు రేటు విని 24 గంటలకే మొగ్గుతారు. 12 గంటల వాళ్లను ఇద్దర్ని పెట్టడం కంటే అది బాగా తక్కువ. ఎందుకు తక్కువో లెక్క వేసి చూడండి. వారానికి 168 గంటలు. మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే ఆ ఒక్క చోటుకు మూడున్నర మంది కావాలి. మూడున్నర మంది పని ఒక్కరే చేస్తున్నారంటే, అందులో కొంత జరగడం లేదన్నమాట. ఆ జరగని పని ఎక్కువగా రాత్రి 10కీ తెల్లవారి 6కీ మధ్యే ఉంటుంది.

అలాగని 24 గంటల మనిషి ఎప్పుడూ తప్పు కాదు. చేయి పట్టుకుంటే నడిచి, బాత్రూమ్‌కు వెళ్లి, రాత్రి ఒకటి రెండుసార్లు మాత్రమే లేచే పెద్దవాళ్లకు అది చాలు. ఎన్నాళ్లైనా మనిషి మారకపోతే పెద్దవాళ్లకు మచ్చిక కూడా కుదురుతుంది. ఆ మనిషికి పడుకోవడానికి చోటు, వేళకు తిండి, పగలు రెండు గంటల విరామం, వారానికో సెలవు ఇవ్వాలి. సెలవు రోజు ఎవరు వస్తారో ముందే తేల్చుకోవాలి. ఇవి లేనిచోట రెండో నెలలోనే మనిషి మారిపోతుంది, కొత్తామెకు అన్నీ మొదటినుంచి చెప్పుకోవాలి.

సొంతంగా ఒత్తిగిలలేని వాళ్ల సంగతి వేరు. వాళ్లకు సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, అంటే రాత్రి పూట నాలుగుసార్లు. పగలంతా చేసిన మనిషిని రాత్రి కూడా నాలుగుసార్లు లేపితే వారం తిరక్కుండానే, పక్క మార్చిన వేళలు రాసే పుస్తకంలో దొంగ రాతలు మొదలవుతాయి: 12, 2, 4, 6 అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, పొద్దున కూర్చుని రాసినవి. ఆమెను తిట్టి లాభం లేదు, తప్పు ఏర్పాటులో ఉంది.

పక్క మార్చడమంటే లాగడం కాదు. ఒక్కరే దుప్పటి పట్టుకుని లాగితే చర్మం పరుపుకు అంటుకుని, లోపలి ఎముక జరుగుతుంది. నడుము కింద పుండు పడేది చాలాసార్లు అందుకే. ముందు మంచం తల వైపు దించాలి. అయితే రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు గుండా పొట్టలోకి వేసే గొట్టం) ఆహారం పోసిన అరగంట లోపు మాత్రం దించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అవతలి మోకాలు మడిచి, అవతలి చేతిని ఛాతీ మీదుగా వేసి, భుజం, తుంటి రెండూ పట్టుకుని తన వైపు దొర్లించుకోవాలి. వీపు వెనక దిండు పెట్టి పూర్తిగా పక్కకు కాక 30 డిగ్రీల వాలులో ఉంచాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఇంకొకటి, మడమలు గాలిలో తేలాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే పుండుకు తొలి మెట్టు అదే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు కాబట్టి వేడి, గట్టిదనం చేత్తో తడిమి చూడాలి. గాలి పరుపు కొన్నాం కదా అని ఊరుకోకూడదు. పిరుదుల కింద పరుపు అడుగున అరచేయి పెడితే వేళ్లకు ఎముక తగలకుండా అంగుళం గాలైనా ఉండాలి.

ఈ పని నిద్రమత్తులో అయ్యేది కాదు. కాబట్టి ఒత్తిగిలలేని వాళ్లకు ఇంట్లో 12 గంటల వాళ్లు ఇద్దరే మేలు. దీని లోపం షిఫ్టు మారే వేళలో ఉంది. పగలామె బస్సు కోసం ఏడింటికే గేటు దాటుతుంది, రాత్రామె ఏడుంబావుకు వస్తుంది. మోషన్ అయిందా, ట్యూబ్‌లో ఎంత పోశారు, చివరిసారి ఏ పక్కకు తిప్పారు అనేవి ఆ పదిహేను నిమిషాల్లో జారిపోతాయి. ఇద్దరూ పది నిమిషాలు మంచం దగ్గరే నిలబడి చెప్పుకునేలా, ఒళ్లు చూసుకునేలా వేళలు కలపండి. ఇంకోటి, అటెండెంట్ నర్సు కాదు. ట్యూబ్‌లో ఆహారం పోయడం నేర్పితే చేయగలదు. ట్యూబ్ వేయడం, మూత్రం గొట్టం మార్చడం, లోతైన పుండుకు కట్టు కట్టడం జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చదివిన నర్సు పని. వాటికి అవసరాన్ని బట్టి నర్సు ఇంటికొచ్చేలా చూసుకోండి.

ఆ నర్సులే దొరకడం కష్టంగా ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపనీస్ నేర్పి నర్సులను బయటికి పంపుతోంది. అక్కడి జీతం చూస్తే వెళ్లేవాళ్లను తప్పుపట్టలేం.

పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ అజమాయిషీకి ఎవరూ లేకపోతే కేర్ హోమే దారి. లోపల రంగులు, గార్డెన్ కాదు, రాత్రి లెక్క అడగండి. ఇద్దరు కలిసి ఒకరిని తిప్పి, డైపర్ మార్చడానికి పది నిమిషాలనుకుంటే, తిప్పాల్సిన వాళ్లు 12 మంది ఉన్నచోట రౌండు పూర్తయ్యేసరికి రెండు గంటలూ అయిపోతాయి. బెల్ కొడితే పలికే మనిషి ఉండదు. అమెరికా 2024లో అక్కడి నర్సింగ్ హోమ్‌లలో (మన కేర్ హోమ్‌ల లాంటివి) ఒక్కో వృద్ధుడికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని నిబంధన తెచ్చింది. అది అమలుకు రాకముందే 2025లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కానీ కొలతగా వాడుకోవచ్చు: 20 మంది ఉన్న హోమ్‌లో రోజుకు దాదాపు 70 గంటలు, అంటే 12 గంటల డ్యూటీలు ఆరు. వంట, క్లీనింగ్ వాళ్లను ఇందులో కలపొద్దు.

చేర్చే ముందు ఓసారి రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి, డ్యూటీలో ఎందరున్నారు, వాళ్లలో నర్సు ఎవరు అని కళ్లారా చూడండి. చేర్చిన రోజే నడుము కింద, మడమల దగ్గర తేదీ పడేలా ఫొటోలు తీసి, ఒక కాపీ వాళ్లకూ ఇవ్వండి. తర్వాత పుండు కనబడితే అది ఇంట్లో మొదలైందా, హోమ్‌లోనా అన్న వాదన ఉండదు.