ఫోనులో నేర్చిన పంటి వైద్యం: నాకు మిగిలిందేమిటి?

2019లో తిరుపతిలో బీడీఎస్‌లో చేరాను. మైనపు దిమ్మల్లో పళ్లు చెక్కడం కాస్త చేతికి వస్తోందనుకునే వేళకు 2020 మార్చి వచ్చింది. 20వ తేదీన కొండ మీద దర్శనాలు ఆగిపోయాయని తెలిసినప్పుడే హాస్టల్లో అందరికీ పరిస్థితి అర్థమైంది. అలిపిరి దగ్గర జనం లేని రోజు ఒకటి వస్తుందని మేమెవరం అనుకోలేదు. ఒక సంచి బట్టలు, చెక్కే కత్తి పట్టుకుని పలమనేరు దగ్గర మా ఊరికి చేరాను. ఆ తర్వాత కాలేజీ తెరవడం, 2021 వేసవిలో మళ్లీ ఇంటికి రావడం, ఇలా విడతలు విడతలుగా ఫోనులోనే చదివాను. ఇప్పుడు రోజూ రోగుల నోళ్లలో చేతులు పెట్టి పనిచేస్తున్నాను కాబట్టి, ఆ చదువులో ఏది నిలిచిందో చెప్పగలను.

పాఠాలకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఫార్మకాలజీ అర్థం కాకపోతే రికార్డింగ్ వెనక్కి తిప్పి మూడుసార్లు వినవచ్చు. తరగతిలో మూడోసారి అడిగే ధైర్యం నాకు లేదు. పాథాలజీ స్లయిడ్లయితే ఇంకా మేలు. ల్యాబ్‌లో ఒక మైక్రోస్కోపు చుట్టూ పదిమందిమి తలలు దూర్చేవాళ్లం, తెర మీద ఒక్కో కణం నింపాదిగా కనిపించింది. తగ్గించిన ఆ ఒక్క మార్కు సిగ్నల్‌ది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంటేనే గొంతు తెగకుండా వినిపించేది. ఉచిత ఖాతా కావడంతో తరగతి నలభై నిమిషాలకు ఆగిపోయేది. సార్ అసలు విషయానికి వచ్చేది సరిగ్గా ముప్పై తొమ్మిదో నిమిషంలో.

ఇక చేతిపని. మైనం దొరక్క బట్టల సబ్బు చెక్కాను. సబ్బు మైనంలా వంగదు, పెళ్లలుగా ఊడుతుంది. చెక్కాల్సింది పై వరసలో నమిలే పెద్ద పళ్లలో మొదటిది, మేము దవడ పన్ను అనేది. అది నాలుగు సబ్బులు మింగింది. ఫొటో పంపితే మేడమ్ "ఓపిక బాగుంది" అన్నారు. పన్ను గురించి ఏమీ అనలేదు. ఆ నాలుగింటితోనూ అమ్మ బట్టలు ఉతికేసింది.

పళ్లకు తొడుగులు అతికించే జింక్ ఫాస్ఫేట్ సిమెంటు కలపడం కూడా వీడియోలోనే చూశాను. చల్లటి గాజు పలక మీద పొడిని కొంచెం కొంచెంగా కలుపుతూ వెడల్పుగా పరచాలి, పుట్టే వేడి పలకలోకి పోవాలి. నోట్సులో అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. కాలేజీ తెరిచాక మొదటిసారి కలిపినప్పుడు తొందరపడి పొడి అంతా ఒక్కసారే వేశాను. కలిపే గరిట కదిలేలోపు అది రాయి అయింది.

అసలు దెబ్బ మాత్రం అద్దం దగ్గర తగిలింది. పై పళ్ల మీద పనిచేసేటప్పుడు మేము రోగి తల వెనుక కూర్చుంటాం. పన్నును నేరుగా కాదు, నోట్లో పెట్టిన చిన్న అద్దంలో చూస్తాం. అందులో ముందుకు జరిపిన పరికరం వెనక్కి వస్తున్నట్టు కనిపిస్తుంది. మా వీడియోలన్నీ కెమెరా ఎదురుగా పెట్టి తీసినవి. వైద్యుడు ఎన్నడూ కూర్చోని చోటు నుంచి ఏడాదిపాటు పని చూసి, ఆ చూపునే అలవాటు చేసుకున్నాను. కళ్లకు తెలిసినదాన్ని చేతులు మరిచిపోవడానికి నెలలు పట్టింది. ఈ తప్పు ఇంటర్నెట్‌ది కాదు, కెమెరా పెట్టిన చోటుది. అందుకే నాకు ఇంకా కోపం.

క్లినిక్‌కు వచ్చేసరికి రోగులే తక్కువ. పన్నును తొలిచే ఎయిరోటర్ నిమిషానికి మూడు, నాలుగు లక్షల చుట్లు తిరుగుతూ నీటి తుంపరలు చిమ్ముతుంది. వైరస్ భయంతో అత్యవసరమైతే తప్ప దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. కింది దవడ నరానికి మత్తు సూది వేయడం రికార్డింగులో ఎన్నిసార్లు చూశానో. సూది 20 నుంచి 25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాక ఎముక తగలాలని నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. తగలడం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. కొండ మీద తలనీలాలు ఇచ్చి, పంటి నొప్పితో నేరుగా మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన నా చేతిని చూసి, "ఇలాంటివి ఇప్పటికి ఎన్ని వేశావమ్మా?" అని అడిగారు. "లెక్కపెట్టలేదండీ" అన్నాను. పక్కనే ఉన్న మేడమ్ ఏమీ అనకుండా నా మోచేతిని కొద్దిగా పైకి ఎత్తారు. ఆ అంగుళం ఏ వీడియోలోనూ లేదు.

అయినా రికార్డింగులను పారేయలేదు. పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి, మందుల మోతాదుల దగ్గర అనుమానం వస్తే ఇప్పటికీ తీసి చూస్తాను. ఈమధ్య జూనియర్లు అడిగితే నేను కూడా వీడియోలు తీసి పంపుతున్నాను. కెమెరాను మాత్రం నా తలకే కట్టుకుంటాను. అద్దానికి ఊపిరి ఆవిరి పట్టి పన్ను కనిపించకుండా పోవడం, దాన్ని గోరువెచ్చటి నీళ్లలో ముంచి మళ్లీ పెట్టడం, ఏదీ కత్తిరించకుండానే పంపుతున్నాను.