యాక్టివాకు తేలిక రోలర్లు: సింహాచలం ఘాట్ మీద నాలుగు నెలలు

2014లో కొన్న నా 109 సీసీ హోండా యాక్టివా 58 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒక్కడినే వెళ్లేటప్పుడు ఇప్పటికీ పెద్దగా ఇబ్బంది పెట్టదు గానీ, వెనుక మా ఆవిడ కూర్చున్నప్పుడు మాత్రం అడవివరం నుంచి సింహాచలం కొండ మీదికి వెళ్లే ఘాట్ రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా నీరసించిపోయేది. బోరు, అంటే ఇంజన్ సిలిండర్ వ్యాసం, పెంచే కిట్టు వేయించమని ఒకరు, సైలెన్సర్ మార్చమని మరొకరు సలహా ఇచ్చారు. నేను కొన్నది మాత్రం వేరియేటర్‌లో, అంటే స్కూటర్‌లో గేర్లకు బదులు ఉండే బెల్టు పుల్లీలో, వేసే ఆరు రోలర్ల సెట్టు. ఖరీదు ఆరు వందల రూపాయల లోపే. ఒక్కొక్కటి కంపెనీ రోలర్ కన్నా ఆరో వంతు తేలిక అని డబ్బా మీద అచ్చువేశారు. చిన్న డిజిటల్ కాటా మీద తూచి చూస్తే ఆ మాట నిజమేనని తేలింది, ఆరింటి మధ్య తేడా కూడా లెక్కలోకి రానంత తక్కువ.

ఈ రోలర్లు చేసే పని తెలియకపోతే వాటి నుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో తెలియదు. ఇంజన్ తిరిగే కొద్దీ వేరియేటర్‌లోని రోలర్లు అపకేంద్ర బలంతో అంచువైపు జరుగుతూ పుల్లీ పలకను నెడతాయి, దానితో ముందువైపు బెల్టు పైకెక్కి, వెనుక పుల్లీ స్ప్రింగును నొక్కుకుంటూ విచ్చుకుంటుంది. గేర్ల బండిలో మనం కాలితో చేసే పని ఇక్కడ ఆ విధంగా దానంతటదే జరుగుతుంది. రోలర్ నెట్టే బలం దాని బరువును బట్టి, ఇంజన్ వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, బరువు ఆరో వంతు తగ్గితే అదే బలం రావడానికి ఇంజన్ దాదాపు 9.5 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి. అంటే బండి చిన్న గేరులోనే మరికొంతసేపు ఉంటుంది. ఈ ఇంజన్‌కు గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, గరిష్ఠ శక్తి, అంటే ఎనిమిది హార్స్‌పవర్, 7,500 దగ్గర వస్తాయి. తేలిక రోలర్లు కొత్తగా శక్తిని పుట్టించవు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌ను ఆ శక్తి ఉన్న చోటికి కొంత దగ్గరగా ఉంచుతాయి, అంతే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన ‘టాప్ స్పీడ్ పెరుగుతుంది’ అన్న మాటను అందుకే నేను మొదటి నుంచీ నమ్మలేదు.

మెకానిక్ దగ్గరికి సెట్టు తీసుకువెళితే, అతను దాన్ని పక్కన పెట్టి, ‘ఇంజన్‌కేం కాలేదు సార్, ముందు బెల్టు డబ్బా విప్పి చూద్దాం’ అన్నాడు. విప్పి చూస్తే పాత రోలర్లు గుండ్రంగా లేవు, ఒక్కోటి ఒక్కో పక్క చదునుగా అరిగిపోయింది. బెల్టు అంచులు నున్నగా మెరుస్తున్నాయి, వెడల్పు కూడా తగ్గింది. అరిగిన చోట రోలర్ దొర్లకుండా ఈడ్చుకుపోతుంది కనుక పికప్ తగ్గడానికి సగం కారణం అక్కడే కనిపించింది. అతని మాట విని, ముందు కంపెనీ బరువున్న కొత్త రోలర్లు, కొత్త బెల్టు, పలక పక్కన ఉండే ప్లాస్టిక్ స్లైడర్లు వేయించి, నెల రోజులు అలాగే నడిపాను. నిజం చెప్పాలంటే, ఈ సమీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పడవలసినది ఈ దశకే. ఇద్దరం కూర్చుని ఘాట్‌లో ఒకే మలుపు దాటేటప్పుడు మునుపు స్పీడు మీటరు 25 దగ్గర ఉంటే, ఇప్పుడు 30 దగ్గర నిలిచింది.

ఆ తరువాత తేలిక సెట్టు వేయించాను. అదే మలుపులో 34 వచ్చింది. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు బండి ముందుకు దూకే తీరు వెనుక కూర్చున్న మనిషికి కూడా తెలిసింది. అయితే దీనికి మూల్యం ఉంది. బీచ్ రోడ్డులో 50 దగ్గర నిదానంగా పోయేటప్పుడు ఇంజన్ శబ్దం ఇదివరకటి కన్నా గట్టిగా వినిపిస్తుంది, మైలేజీ లీటరుకు 46 నుంచి 41కి దిగింది, ఖాళీ రోడ్డు మీద మీటరు ముల్లు 83 బదులు 80 దగ్గరే ఆగింది. రోజూ హైవే మీద దూరం వెళ్లేవారికి ఇది నష్టపు బేరమే.

బిగించేటప్పుడు బెల్టుకు గానీ, పుల్లీ ముఖాలకు గానీ గ్రీజు చుక్క అంటినా బెల్టు జారుతుంది, చేసిన పనంతా వృథా. రోలర్ల రెండు వైపులూ ఒకేలా ఉండకపోతే ఏ వైపు ఎటు ఉండాలో ముందే గుర్తు పెట్టుకోవాలి.

ఇతర మార్గాల గురించి నా అనుభవం క్లుప్తంగా చెబుతాను. ఇరిడియం ప్లగ్గుతో ఉదయం స్టార్టు సులువైంది తప్ప పికప్‌లో తేడా ఏమీ లేదు. పాత కార్బురేటర్ బండికి గాలి ఎక్కువగా పోయే ఫిల్టరో, తెరిచిన సైలెన్సరో వేసి, పెట్రోలు వచ్చే జెట్టు మార్చకపోతే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది, చప్పుడు మాత్రం ఖాయం. అటువంటి సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి రోడ్డు రోలర్ కింద నలిపేస్తున్నారన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. బోరు పెంచితే ఆర్‌సీలో రాసిన సీసీకీ, బండిలో ఉన్నదానికీ పొంతన ఉండదు, అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే. వీటికి బదులు, ఖర్చు లేని విషయాలు చాలామంది మరిచిపోతారు. వెనుక టైరులో ఒంటరిగా వెళ్లేటప్పుడు 29, ఇద్దరికి 36 పీఎస్ఐ గాలి ఉండాలి. తడి క్లచ్ (ఇంజన్ నూనెలో మునిగి ఉండే క్లచ్) లేని ఈ బండికి 10డబ్ల్యూ-30 ఎంబీ రకం నూనె పోయవలసి ఉండగా, మోటారు సైకిళ్లకు వాడే చిక్కని నూనె పోస్తే ఇంజన్ బరువుగా తిరుగుతుంది. నూనె పట్టించిన కాగితపు ఎయిర్ ఫిల్టరును గాలితో ఊది మళ్లీ వాడడం కన్నా కొత్తది వేయడమే మేలు.

మూడు నెలల తరువాత మైలేజీ బాధ తట్టుకోలేక, మెకానిక్ సూచన మీద మూడు తేలిక రోలర్లనూ, మూడు కంపెనీ రోలర్లనూ ఒకటి విడిచి ఒకటి వేయించాను. ఇప్పుడు ఘాట్ మలుపులో 32, లీటరుకు 43 వస్తున్నాయి, హైవే మీద చప్పుడు కూడా తగ్గింది. మిగిలిన మూడు తేలిక రోలర్లు డబ్బాతో సహా డిక్కీలో ఉన్నాయి.