పెనాంగ్ టికెట్లు, వీసా లేని దేశానికి వీసా ఖర్చు

ఇండిగో వాళ్లు 2024 డిసెంబరు 21న చెన్నై నుంచి మలేషియాలోని పెనాంగ్ దీవికి రోజూ నేరుగా విమానం మొదలుపెట్టారు. అది తెలిసిన దగ్గర్నుంచీ మా బావమరిది ఒకటే పోరు. నెల్లూరు ట్రంకు రోడ్డులో వాడికి తెలిసిన ఏజెంటు ఉన్నాడు. ఆ పెద్దమనిషి నలుగురికి రానూపోనూ తలా 24,500 చెప్పి, "కొత్త రూటు సార్, సీట్లు దొరకడమే కష్టం" అన్నాడు. దాని మీద వీసా, కాగితాల ఖర్చని తలా 3,000. ఒళ్లు మండింది ఇక్కడే. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మనవాళ్లను 30 రోజుల దాకా వీసా లేకుండానే రానిస్తోంది. కావలసిందల్లా ప్రయాణానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపే ఎరైవల్ కార్డు. దానికి పైసా కట్టక్కర్లేదు.

ఇంటికొచ్చి విమాన కంపెనీ సైట్లోనే చూశా. నలుగురికి కలిపి వెతికితే తలా 19,800. ముగ్గురికే వెతికితే తలా 16,900! ఇందులో మాయేం లేదు. ఒక్కో రేటుకి ఇన్ని సీట్లని పెడతారు. చవక రేటులో మూడే మిగిలి ఉంటే, నలుగురికి అడిగినప్పుడు అందరికీ పై రేటే పడుతుంది. ముగ్గురికి ఒక బుకింగు, మా అత్తకు విడిగా ఒకటి చేశా. "నన్నొక్కదాన్నే వేరే విమానం ఎక్కిస్తారా నాయనా?" అని ఆమె బెంగ. పీఎన్‌ఆర్ వేరైనా విమానం ఒకటేనని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏజెంటు లెక్క 1,10,000. నాకైంది 70,500.

కొత్త రూటులో సీట్లు నింపుకోవాలి గనక మొదట్లో రేటు దించుతారు గానీ, పండగలకు ఆ దయ ఉండదు. 2025లో చైనా కొత్త సంవత్సరం జనవరి 29న, తైపూసం ఫిబ్రవరి 11న వచ్చాయి. రెండూ అక్కడ పెద్ద పండగలే. అవి దాటనిచ్చి ఫిబ్రవరి చివర్లో బయల్దేరాం.

నెల్లూరు దగ్గర దగదర్తి విమానాశ్రయం వచ్చేదాకా మనకు చెన్నై తప్పదు. విమానం అర్ధరాత్రి దాటాక. సాయంత్రం రైలుకి సెంట్రల్లో దిగి మెట్రో ఎక్కేయండి, రాత్రి 11 దాటితే అదీ ఉండదు. కారు మాట్లాడలేదని బావమరిది తడ దాటేదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

పెనాంగ్‌లో ముఖ్య పట్టణం జార్జ్ టౌన్. అక్కడ గది రోజుకి 130 రింగిట్లు. రింగిట్ అప్పుడు 19 రూపాయల చిల్లర. శుభ్రంగా ఉంది, అంతే.

అసలు చెప్పాల్సింది అసం లక్సా, అంటే అక్కడి చేపల పులుసు సేమియా. కెక్ లోక్ సి గుడి దగ్గర గిన్నె 7 రింగిట్లు. కానాగంతల్ని ఉడికించి, ముల్లు తీసి, చిదిమి చింతపండు పులుసులో వేస్తారు. అందులో లావు బియ్యపు సేమియా, పుదీనా, ఉల్లి, అనాస ముక్కలు. పక్కన చెంచాలో నల్లటి రొయ్యల ముద్ద ఇస్తారు, మనమే కలుపుకోవాలి. మా అత్త ముందు వాసన చూసింది. "పులుసు బానే ఉంది. అనాసెందుకేశాడో, మామిడికాయ ముక్క పడుంటే మనదే" అని తీర్పిచ్చి, ఇంకో గిన్నె తెప్పించుకుంది.

పెనాంగ్ కొండ రైలుకి మాత్రం విదేశీయుల రేటు 30 రింగిట్లు, స్థానికులకు అందులో సగం కూడా కాదు. పైన మబ్బు పట్టి ఊరే కనపడలేదని మా ఆవిడ సణుగుడు. జార్జ్ టౌన్‌లో తిరిగే క్యాట్ బస్సు ఉచితం, దాన్ని మాత్రం వదలకండి.