మళ్లీ చదవడమా, పుస్తకం మూసి రాయడమా?

గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవాళ్లలో చాలామంది పాలిటీ పుస్తకాన్ని గీతలు గీసుకుంటూ మూడు నాలుగుసార్లు తిరగేస్తారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత తెల్లకాగితం మీద రాస్తారు.

ఖర్చు: మొదటిదానికి పుస్తకం చాలు. రెండోదానికి అదనంగా కాసిన్ని చిత్తు కాగితాలు.

శ్రమ: మళ్లీ చదవడం హాయిగా సాగిపోతుంది. మూసి రాయడం విసుగు పుట్టిస్తుంది. రాజ్యాంగంలో 14 నుంచి 18 దాకా ఉన్న అధికరణాలు సమానత్వపు హక్కు అని తెలిసినా, ప్రభుత్వోద్యోగాల్లో సమానావకాశం 16లో ఉందా, 17లో ఉందా అన్నచోట కలం ఆగిపోతుంది. ఆ తడబాటే మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ప్రమాదం: పదేపదే చూసిన పేజీ కళ్లకు అలవాటై, వచ్చేసిందనిపిస్తుంది. తీరా పరీక్షలో నాలుగు ఆప్షన్లూ తెలిసినవాటిలాగే ఉంటాయి. రెండో పద్ధతిలో, రాసింది సరిచూసుకోకపోతే తప్పే నాటుకుపోతుంది.

నిలకడ: మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, 5 నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే, గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు.

పాఠం ఇంకా అర్థమే కాలేదా, పరీక్ష రేపు పొద్దున్నేనా? మళ్లీ చదవండి. నెలల సమయం చేతిలో ఉండి, చదివింది చదివినట్టే జారిపోతుంటే మాత్రం ఈ రాత్రి నుంచే పుస్తకం మూసి రాయండి.