ఎల్డ్‌హేమర్: బూడిద కింద నుంచి తవ్వి తీసిన ఇల్లు

ఐస్‌లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది రాజధాని రేక్యవిక్‌లో దిగుతారు, గోల్డెన్ సర్కిల్ అనే టూరిస్టు రూటు తిరుగుతారు, దక్షిణ తీరంలో జలపాతాల దగ్గర, నల్ల ఇసుక బీచ్‌లో ఫోటోలు దిగి వచ్చేస్తారు. మొదటిసారి మేమూ అంతే. ఈసారి మా అత్తయ్యగారు అవనిగడ్డ నుంచి మా దగ్గరికి లీడ్స్ వచ్చారని జూన్‌లో మళ్లీ వెళ్లాం, ఒక రోజు మొత్తం దక్షిణ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న వెస్ట్‌మన్ దీవులకే పెట్టుకున్నాం. ఇంగ్లండ్ వీసా ఉంటే సరిపోదు, ఐస్‌లాండ్‌కి షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఆ పని ముందే చూసుకోండి. వెళ్లేముందు అడిగితే ఒక టూర్ ఏజెంట్ అక్కడి ఎల్డ్‌హేమర్ మ్యూజియంకి అరగంట చాలు, మిగతా టైమ్ పఫిన్ పక్షులు చూడండి అన్నాడు. అరగంట అస్సలు చాలదు. మేము రెండున్నర గంటలు ఉన్నాం, అయినా పైఅంతస్తు పరుగెత్తుతూ చూశాం.

లాండేయాహొఫ్న్ రేవు నుంచి ఫెర్రీలో 40 నిమిషాల ప్రయాణం, రేక్యవిక్ నుంచి ఆ రేవుకి కారులో రెండు గంటలు. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీని థోర్లాక్స్‌హొఫ్న్ రేవుకి మార్చేస్తారు, అక్కడి నుంచి అయితే మూడు గంటలకి దగ్గర పడుతుంది, అందుకే ఆ రోజు పొద్దున్నే ఒకసారి టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర వేసుకోండి. మా చిన్నదానికి వేయలేదు, దాని అవస్థ చూడలేకపోయాం.

దీవి పేరు హేమాయ్. రేవు నుంచి మ్యూజియంకి పావుగంట నడక, కొంచెం ఎత్తెక్కాలి. లోపలికి అడుగుపెట్టగానే మధ్యలో కనిపించేది నమూనా కాదు, సినిమా సెట్టూ కాదు, నిజంగా మనుషులు కాపురమున్న ఇల్లు. గెర్డిస్‌బ్రౌట్ వీధి, 10వ నంబరు. 1973లో అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిదలో పూర్తిగా మునిగిపోయింది. 2005లో, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాతకాలపు రోమన్ ఊరు పాంపే పేరు మీద, ‘ఉత్తరపు పాంపే’ అని ఒక పని మొదలుపెట్టి ఆ వీధిని తవ్వారు, తర్వాత 2014లో ఈ ఇంటి చుట్టూనే మ్యూజియం కట్టేశారు. అంటే ఇల్లు కదల్లేదు, అది ఉన్నచోటికే గోడలూ పైకప్పూ వచ్చాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంటి లోపలికి వెళ్లనివ్వరు, చుట్టూ తిరిగి చూడాలి. కాంక్రీటు గోడకి పైనుంచి కిందదాకా బీట, వంగిపోయిన కిటికీ చట్రం, దాని వెనక గదిలో ఇంకా నల్ల బూడిద. ఆ బూడిద మన పొయ్యిలో మెత్తని బూడిదలా ఉండదు, మరమరాల సైజు రాళ్లు, ఒక్కొక్కటీ నిండా చిల్లులే. ఆ విస్ఫోటనంలోనే పుట్టిన ఎల్డ్‌ఫెల్ కొండ దగ్గర చేతిలోకి తీసుకుని చూశాను, ఒక్క గింజ అయితే బరువే తెలియదు, దోసెడు పట్టుకుంటే తెలుస్తుంది. అలాంటిది కప్పు మీద మీటర్ల ఎత్తున పడితే ఏ ఇల్లు ఆగుతుంది?

ఆడియో గైడ్ చేతికిస్తారు, మనం నడుస్తుంటే ఆ చోటికి సంబంధించిన కథ అదే మొదలవుతుంది. జనవరి 23, 1973, రాత్రి రెండు కావస్తోంది, ఊరి తూర్పు అంచున నేల చీలింది. చీలిక పెరిగి ఒకటిన్నర కిలోమీటరు దాటింది, సముద్రం నుంచి సముద్రం దాకా మంట. ఊళ్లో 5,000 పైచిలుకు జనం. ముందురోజు తుఫాను కావడంతో చేపల పడవలు వేటకి వెళ్లకుండా రేవులోనే ఉన్నాయి. నిద్రలోంచి లేచిన జనం చంటిపిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని నడిచి రేవుకి వెళ్లారు, కొన్ని గంటల్లో దాదాపు ఊరంతా పడవలెక్కి దాటేసింది.

అత్తయ్యగారికి ఇంగ్లీషు ఆడియో అంత త్వరగా అందదు, మా ఆయన పక్కనే ఉండి తెలుగులో చెబుతూ వచ్చారు. ఆవిడ ఆ కిటికీ ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను దగ్గరికి వెళితే అడిగిన మొదటి మాట, “ఈ ఇంట్లోవాళ్లు బతికారా అమ్మా?” బతికారండీ అత్తయ్యగారూ అన్నాను. “పిల్లలు కూడానా?” అన్నారు. పిల్లలు కూడా అన్నాక అక్కడున్న బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ 1977 నవంబరు 19 చూసిన మనిషి. దివిసీమ మీదికి సముద్రం వచ్చిన రాత్రి ఆవిడకి పంతొమ్మిదేళ్లు. వేలమంది పోయారు, పదివేలకి పైనే అంటారు. ఈ విషయం మా ఆయనతో కూడా ఎప్పుడూ గట్టిగా మాట్లాడని ఆవిడ, ఆ బెంచీ మీద కూర్చుని, తెల్లారాక వాళ్ల వీధి ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయిన సంగతి చెప్పారు. ఇత్తడి బిందె ఒకటి బురదలో దొరికిందట, ఎవరిదో తెలియదట, అయినా కడిగి ఇంట్లోనే ఉంచారట. పిల్లలిద్దరూ కదలకుండా విన్నారు. ఈ మ్యూజియంకి నేనిచ్చే మార్కులన్నీ ఆ బెంచీ దగ్గర పడ్డవే.

హేమాయ్‌లో ఆ విస్ఫోటనం వల్ల పోయింది ఒకే ఒక్క ప్రాణం, విషవాయువు వల్ల. ఇళ్లు మాత్రం దాదాపు 400 పోయాయి. జూలై 3న విస్ఫోటనం ఆగిపోయిందని ప్రకటించేదాకా, అయిదు నెలలకి పైగా, లావా వస్తూనే ఉంది.

పిల్లల్ని తీసుకెళితే నీళ్ల కథ ఉన్న భాగం దగ్గర తప్పకుండా ఆపండి. లావా మెల్లగా రేవు నోటివైపు వెళుతోంది, అది మూసుకుపోతే ఊరికి బతుకుతెరువే లేదు, ఎందుకంటే అక్కడ చేపలవేట తప్ప వేరే ఆధారం లేదు. థోర్‌బ్యోర్న్ సిగుర్గేర్సన్ అనే భౌతికశాస్త్రవేత్త, సముద్రం నీళ్లు లావా మీద కొట్టి అంచు గట్టిపడేలా చేద్దాం, అప్పుడు వెనక వచ్చే లావాకి అదే అడ్డుకట్ట అవుతుంది అన్నాడు. మొదట్లో నమ్మనివాళ్లు చాలామందే ఉన్నారు. చిన్న గొట్టాలతో మొదలై, అమెరికా నుంచి పెద్ద పంపులు వచ్చాక మొత్తం సుమారు 60 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పోశారు. రేవు నిలిచింది. నిలవడమే కాదు, గట్టిపడిన లావా అలలకి గోడలా నిలబడి రేవు మునుపటికంటే మేలైంది. ఆ తర్వాత అదే లావా వేడితో పదేళ్లకి పైగా ఇళ్లకి వేడినీళ్లు ఇచ్చుకున్నారు, ఊళ్లోంచి ఎత్తిపోసిన బూడిదతో విమానాశ్రయం రన్‌వే పొడిగించుకున్నారు. మా పెద్దాడు పంపుల ఫోటోల ముందు నుంచి కదల్లేదు.

పైఅంతస్తులో సుర్త్‌సే గురించి ఉంది. 1963 నవంబరులో సముద్రంలోంచి పుట్టుకొచ్చిన దీవి అది, 1967 దాకా పెరిగింది, శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వట్టి రాతి మీదికి మొదట ఏ మొక్క వచ్చింది, ఏ పక్షి వచ్చింది అని వరసగా రాసిపెట్టుకున్నారు. సైన్స్ మీద ఇష్టమున్నవాళ్లు దీనికోసం ఒక ముప్పావుగంట మిగుల్చుకోండి, మాకు మిగల్లేదు.

నా సలహా ఒకటే, మ్యూజియం ముందు, కొండ తర్వాత. చాలామంది దిగగానే ఎల్డ్‌ఫెల్ ఎక్కేసి, అలిసిపోయి మ్యూజియంకి వస్తున్నారు. 200 మీటర్ల కొండ, మామూలు నడకకి ఎక్కువసేపు పట్టదు, పైన గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. 1973 జనవరికి ముందు ఆ కొండే లేదు. ఆ సంగతి మ్యూజియంలో తెలుసుకుని వెళితే ఒక్కో అడుగూ వేరేగా ఉంటుంది. అత్తయ్యగారు కొండ ఎక్కలేదు, ఆవిడతో నేను కింద లావా మైదానంలో నడిచాను. ఇక్కడ ఫలానా వీధి ఉండేది, ఇప్పుడు మీ కాళ్ల కింద ఇంత లోతులో ఉంది అని అక్కడక్కడా గుర్తులు పెట్టారు. ఆవిడ ప్రతిదాని దగ్గరా ఆగి నాతో చదివించుకున్నారు.

టికెట్ ధర ఐస్‌లాండ్ ధరలాగే ఉంటుంది, చౌక కాదు, కానీ నాకు బాధ అనిపించలేదు. శాకాహారులు తిండి వెంట తీసుకెళ్లండి, ఊళ్లో చేపలే ఎక్కువ. మేము పులిహోర కలిపి తీసుకెళ్లి రేవు పక్కన తిన్నాం. తిరుగు ఫెర్రీ టికెట్ ముందే బుక్ చేసుకోండి, వేసవిలో కారుకి చోటు దొరకదు. ఎక్కాక వెంటనే లోపల కూర్చోకుండా డెక్ మీదికి వెళ్లండి. రేవు నోరు దాటేటప్పుడు ఎడమవైపు నిటారుగా లేచిన పాత కొండ, నిండా పక్షులు. కుడివైపు నల్లగా, గరుకుగా, నీళ్ల దాకా వచ్చి ఆగిపోయిన రాతిగోడ. అది ఆ నీళ్లు పోసి ఆపిన లావాయే.