జాగ్రత్త: ఎమ్మెస్‌కు వెళ్లేవారికి అమ్ముతున్న ‘గ్రాడ్యుయేట్ కమ్యూనికేషన్’ ప్యాకేజీ గురించి

మా కాలేజీ జూనియర్ ఒకరు మొన్న ఒక పాంప్లెట్ ఫోటో పంపి, ‘అక్కా, ఇది తీసుకోమంటారా?’ అని అడిగారు. చూడగానే గుర్తుపట్టాను. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో మా నాన్న 42,000 రూపాయలు కట్టింది ఈ కోర్సుకే. ఇప్పుడు దాని ధర 55,000 అయింది. ఫిర్యాదు విచారణలో ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. అయినా ఇదే సరుకును ఇవే మాటలతో అమ్మేవారు ఇంకా ఉన్నారు కాబట్టి, పేరు కంటే పద్ధతిని గుర్తుపట్టడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

అమెరికాలోని పీజీ తరగతిలో మాట్లాడడం, ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాయడం, సెమినార్ ఇవ్వడం, రిపోర్టు రాయడం అన్నీ నేర్పుతామని పాంప్లెట్‌లో ఉంది. ఒక్కొక్కరికీ విడిగా శిక్షణ అని, అమెరికాలో చదివిన అధ్యాపకులని, చివర్లో విశ్వవిద్యాలయాలు గుర్తించే సర్టిఫికెట్ అని కూడా రాశారు. వెళ్లి చూస్తే బ్యాచ్‌లో అరవై మందిమి ఉన్నాం. పాఠం చెప్పింది మాకంటే రెండేళ్లు పెద్దవాడైన, ఇంకా విదేశం వెళ్లని యువకుడు. అతను కష్టపడే చెప్పాడు, ఆ విషయంలో అతన్ని తప్పుపట్టను. తనకు అనుభవం లేని విషయాన్ని చెప్పమని కూర్చోబెట్టిన సంస్థదే తప్పు. ఆ సర్టిఫికెట్‌ను నేను చేరిన విశ్వవిద్యాలయంలో ఎవరూ అడగలేదు, చూపించినా పట్టించుకోలేదు.

ముప్పై రోజుల్లో పదిహేడు రోజులు గడిచింది ‘టెంప్లేట్ల’తోనే. విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష టోఫెల్‌లో, అప్పటి స్పీకింగ్ విభాగం మొదటి ప్రశ్నకు ఆలోచించుకోవడానికి 15 సెకన్లు, మాట్లాడడానికి 45 సెకన్లు ఇచ్చేవారు. ఏ ప్రశ్న వచ్చినా సరిపోయేలా ఖాళీలు వదిలిన వాక్యాలను మాకిచ్చి, ఆ ఖాళీల్లో రెండు మాటలు నింపి అప్పజెప్పమనేవారు. నాకు స్పీకింగ్‌లో 30కి 22, మొత్తం 120కి 91 వచ్చాయి. ‘80 దాటింది కదమ్మా, ఇక నీకు ఇంగ్లీషుతో పనేముంది’ అన్నారు కౌన్సెలర్. నాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఆ మాటే.

సీటుకు కావలసిన మార్కు వేరు, టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) పనికి కావలసిన మార్కు వేరు. టీఏ పని వస్తే చాలాచోట్ల ట్యూషన్ ఫీజులో మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. అయితే డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాల్సిన పని కనుక, మాట్లాడే ఇంగ్లీషుకు ప్రత్యేకంగా అర్హత పెడతారు. ఇల్లినాయ్, టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఈ విషయంలో చట్టమే ఉంది. పర్డ్యూ వంటివి సొంతంగా పరీక్ష పెడతాయి. మా డిపార్ట్‌మెంట్‌లో అప్పట్లో టోఫెల్ స్పీకింగ్‌లో 26 ఉండాలి, లేదంటే విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష పాసవ్వాలి అనే నియమం ఉండేది. ఈ సంగతి నాకు తెలిసింది అక్కడ దిగిన మూడు నెలలకు, టీఏ అవకాశం చేతిదాకా వచ్చాక.

ఆ పరీక్ష తీరు చెబుతాను. మన సబ్జెక్టులోని ఒక చిన్న అంశాన్ని బోర్డు దగ్గర పది నిమిషాలు బోధించాలి. పరీక్షకులు విద్యార్థుల్లా ఎదురుగా కూర్చుని మధ్యమధ్యలో ప్రశ్నలు వేస్తారు. నాది సివిల్ ఇంజనీరింగ్ కాబట్టి, రెండు చివరలా ఆధారాల మీద ఆనించిన బీమ్‌ను ఎంచుకుని, కోర్సులో అలవాటు చేసినట్టే మొత్తం రాసుకుని బట్టీపట్టాను. మూడో నిమిషంలో ఒక పరీక్షకురాలు చెయ్యెత్తి, ఆ చివర బెండింగ్ మొమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం) సున్నా ఎందుకయిందని అడిగారు. జవాబు నాకు బీటెక్ రెండో ఏడాది నుంచీ తెలుసు. కానీ నోటికి వచ్చింది మాత్రం బట్టీపట్టిన పేరాలోని తర్వాతి వాక్యం. ఆమె ఓపికగా మళ్లీ అడిగారు. నేను పేరాను మొదటి నుంచి అందుకున్నాను. చేతిలో మార్కర్ పట్టుకుని, తెలిసిన జవాబును చెప్పలేక నిలబడిన ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది. సిద్ధం చేసుకున్న భాగం స్పష్టంగానే ఉందని, ప్రశ్నను విని స్పందించడం లేదని ఫలితాల పత్రంలో రాశారు. టీఏ పని ఇంకొకరికి వెళ్లింది, ఆ సెమిస్టర్ ఫీజంతా బ్యాంకు లోన్ నుంచే కట్టాం.

మెయిళ్ల సంగతి కూడా ఇంతే. కోర్సులో ఇచ్చిన నమూనాను మార్చకుండా పంపడంతో, నా మొదటి మెయిల్ ఒక మహిళా ప్రొఫెసర్‌కు ‘రెస్పెక్టెడ్ సర్’ అనే సంబోధనతో వెళ్లింది. ఆవిడ ఆరోగ్యాన్ని కోరుతూ రెండు వాక్యాలు, నా పరిచయానికి నాలుగు, చివర్లో ‘కైండ్లీ డు ది నీడ్‌ఫుల్’. నాకు ఏం కావాలో అందులో ఎక్కడా లేదు. మీకు నా నుంచి ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అది కోపం కాదని, నేను మొదటి వరుసలోనే చెప్పాల్సిన విషయాన్ని ఆవిడ అడిగి తెలుసుకుంటున్నారని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘పారాఫ్రేజింగ్’ పాఠం. ఒక పేరాలో నాలుగైదు మాటలకు పర్యాయపదాలు పెడితే అది మన సొంత రాత అవుతుందని మాకు చెప్పారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో దాన్ని ప్లేజియరిజం, అంటే ఇతరుల రాతను దొంగిలించడం అంటారు, మార్కులు పోవడంతో ఆగకుండా క్రమశిక్షణ చర్యల దాకా వెళ్లవచ్చు. నా మొదటి రిపోర్టులో ఇతరుల రాతతో కలిసిన చోట్లను సాఫ్ట్‌వేర్ రంగులు వేసి చూపించింది. ప్రొఫెసర్ మంచివారు కావడం వల్ల మళ్లీ రాసే అవకాశం దొరికింది. మన కాలేజీల్లో సీనియర్ల రికార్డులు చూసి రాయడం అందరం చేసే పనే, దాన్ని తప్పని ఎవరూ చెప్పరు. అలాంటి మనకు, డబ్బు తీసుకుని మరీ ఆ అలవాటునే నేర్పడం అన్యాయం.

ఆరు రోజులు అమెరికన్ యాసకే పోయాయి. యాస బలంగా ఉన్నంత మాత్రాన మాట అర్థం కాకుండా పోదని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లోనే చూపించారు. నా అనుభవంలోనూ ఎదుటివారికి ఇబ్బంది కలిగించింది నా తెలుగు యాస కాదు. ఎక్కడ ఆగాలో, ఏ మాటను నొక్కి చెప్పాలో తెలియకుండా ఒకే వేగంతో అప్పజెప్పడం. ‘సీక్రెట్ వొకాబులరీ’ పేరుతో అదనంగా 1,500 తీసుకుని ఇచ్చిన పుస్తకం కూడా, న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన 570 పదకుటుంబాల జాబితాకు జిరాక్సే. అది ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది.

నన్ను నిలబెట్టింది మా విశ్వవిద్యాలయంలోనే ఉన్న ఇంగ్లీషు తరగతి, రైటింగ్ సెంటర్. రైటింగ్ సెంటర్‌కు నేను విడిగా ఫీజు కట్టలేదు. అక్కడ మన వ్యాసాన్ని దిద్ది ఇవ్వరు. పక్కన కూర్చుని, ఈ వాక్యంతో మీరు ఏం చెప్పదలచుకున్నారని అడుగుతారు. ఇంగ్లీషు తరగతిలో మా టీచరు మొదట నేర్పింది మాట్లాడడం కాదు, ప్రశ్నను విని మన మాటల్లో తిరిగి చెప్పి, అడిగింది ఇదేనా అని సరిచూసుకోవడం. రెండోసారి పరీక్షలో అదే బీమ్, దాదాపు అదే ప్రశ్న. ఈసారి గది తలుపు దగ్గరకు వెళ్లి మడతబందు చూపించాను: ఇది తలుపు తిరగడాన్ని ఎలా ఆపలేదో, ఆ ఆధారం కూడా బీమ్ చివర తిరగడాన్ని ఆపలేదు, అందుకే అక్కడ మొమెంట్ ఉండదని చెప్పాను. వ్యాకరణంలో తప్పులు దొర్లాయి. అయినా పాసయ్యాను.

ఇక్కడి నుంచే సాధన చేయాలనుకునేవారు మిషిగన్ విశ్వవిద్యాలయం వారి మైకేస్ చూడండి. తరగతుల్లో, ప్రొఫెసర్లు విద్యార్థుల సందేహాలు తీర్చే ఆఫీసు అవర్స్‌లో నిజంగా జరిగిన సంభాషణలు సుమారు 18 లక్షల మాటల మేర అందులో ఉన్నాయి. విద్యార్థి ప్రొఫెసర్‌ను మధ్యలో ఆపి సందేహం ఎలా అడుగుతాడో నేను మొదట చూసింది అక్కడే. రాతకు పర్డ్యూ వారి ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్, మాంచెస్టర్ వారి అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఉన్నాయి. మూడూ ఉచితమే.

అయినా కోర్సు కొనాలనుకుంటే, ముందు ఒక తరగతిలో కూర్చుని ఆ గంటలో విద్యార్థులు ఎన్ని నిమిషాలు మాట్లాడారో లెక్కపెట్టండి. మా బ్యాచ్‌లో మనిషికి రోజుకు రెండు నిమిషాలు కూడా రాలేదు. మీరు చేరబోయే డిపార్ట్‌మెంట్‌లో టీఏ పనికి ఎంత స్పీకింగ్ మార్కు కావాలో కౌన్సెలర్‌ను కాక, నేరుగా ఆ డిపార్ట్‌మెంట్‌నే మెయిల్‌లో అడగండి. కోచింగ్ సంస్థలు అధ్యాపకుల అర్హతల గురించి, ఫలితాల గురించి, ఫీజు వాపసు గురించి తప్పుడు ప్రకటనలు చేయకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోయినట్టు అనిపిస్తే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే దానికి ఫీజు లేదు.

మా నాన్న 1915కు ఫోన్ చేశాక సంస్థవారు 15,000 తిరిగి ఇచ్చారు, మిగతా దానికోసం మా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. జీఎస్టీ పేరుతో 18 శాతం కలిపి వసూలు చేసినా, మాకిచ్చింది జీఎస్టీ నంబరు లేని తెల్లకాగితం రసీదు. కింద ‘నాన్ రిఫండబుల్’ అని చిన్న ముద్ర. హామీలన్నీ నోటిమాటగానే చెప్పామని వాళ్లు వాదిస్తున్నారు. మా అమ్మ పారేయకుండా బీరువాలో దాచిన ఆ పాంప్లెట్టే ఇప్పుడు మా ప్రధాన ఆధారం. కాబట్టి డబ్బు కట్టేముందే పాంప్లెట్‌ను రెండువైపులా ఫోటో తీసుకోండి, జీఎస్టీ నంబరున్న రసీదు చేతికి వచ్చాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.